నేను తిట్టిన సీసాలు

మా నాన్న నెయ్యి కొనే పద్ధతి ఒకటి ఉండేది. కొల్లిపర నుంచో కొలకలూరు నుంచో రైతు డబ్బా తెచ్చి కొట్టు అరుగు మీద పెట్టి మూత తీయగానే, నాన్న చిటికెన వేలితో కాస్తంత తీసుకుని ఎడమ చేతి వెనక వైపు రాసి, రెండు మూడు సార్లు రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. కాసేపు కళ్ళు మూసుకునేవాడు. తర్వాత మొహం చిట్లించి, "ఏంటయ్యా ఇది, బండి ఇరుసుకు రాయమని తెచ్చావా?" అనేవాడు. గిన్నె కంపు అనేవాడు, మాడు కంపు అనేవాడు, గేదెకు జబ్బేమో డాక్టరుకు చూపించమనేవాడు. రైతు మొహం చిన్నబోయేది. డబ్బా మాత్రం లోపలికి వెళ్ళేది. నిజంగా చెడిపోయిన నెయ్యి తెచ్చినవాళ్ళతో నాన్న ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. "బాగుందండి, ఘుమఘుమలాడుతోంది. కాకపోతే మా దగ్గర నిల్వ ఉంది" అని మంచినీళ్ళిచ్చి మరీ సాగనంపేవాడు.

నేను ఆ అరుగు మీద పెరిగాను. అన్నదమ్ముల వాటాల్లో నాకు తెనాలి కొట్టులో సగం వచ్చింది, నాన్న ముక్కు మొత్తం వచ్చింది. ఇంగువ, బెల్లం, నెయ్యి, చింతపండు, దేన్నయినా అరచేతిలో రుద్ది వాసన చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాను. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ చేసిన మైసూర్‌పాకును ఇటుకతో పోల్చాను. ఆ సంబంధమే ఖాయం చేసుకున్నాను. ఈ రెండు ముక్కల్లోనూ ఏదో పొంతన ఉందని నాకు యాభై ఏడో ఏట వరకూ తట్టలేదు.

బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున రిసార్టు కట్టిన రొయ్యల ఆసామి ఒకాయన ఉన్నాడు. ఆయన వంటింటికి సరుకులన్నీ మా కొట్టు నుంచే వెళ్తాయి. రొయ్యలు కొనే విదేశీ కంపెనీలవాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయనకు బర్బన్ సీసాలు బహుమతిగా తెచ్చేవారు. బర్బన్ అంటే అమెరికావాళ్ళు మొక్కజొన్నతో చేసే విస్కీ. లోపలి వైపు కాల్చి మసి చేసిన కొత్త ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. మామూలుగా సీసాల్లో పోసేముందు నీళ్ళు కలిపి పలచన చేస్తారు. కొన్నిటికి కలపరు. పీపాలోంచి ఎలా వచ్చిందో అలాగే పోసి, దాని ఘాటు అంకె లేబుల్ మీద వేస్తారు. దాన్ని ప్రూఫ్ అంటారు. దాన్ని సగం చేస్తే సారా శాతం. ఆసామికి వచ్చేవన్నీ నూట ఇరవై దాటిన సీసాలే. అంటే నూటికి అరవై పాళ్ళు నిప్పు, మిగతా నలభై పాళ్ళు ఆ నిప్పు గురించిన కబుర్లు.

"బాబాయ్, నాకు అన్నీ ఒకటే మంటండి," అన్నాడు ఆసామి మొదటిసారి రెండు సీసాలు మా గల్లాపెట్టె పక్కన పెట్టి. "సోడా పోస్తే అన్నీ ఒకటే సోడా. మీకు నెయ్యి వాసన తెలుసు కదా, ఇవి కూడా చూసి ఏది మంచిదో చెప్పండి."

అలా మొదలైంది. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది కాబట్టి పైన గోడౌన్ గదిలో పొద్దున పదకొండింటికి కూర్చునేవాళ్ళం. నాలుక మీద ఇంకా కూర పడకూడదు. గ్లాసులో అంగుళం కూడా పోయను. మొదట రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దితే సారా ఎగిరిపోయి పీపా మిగులుతుంది. ఆ చేతుల్ని దోసిలి చేసి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. తర్వాత నోరు కొద్దిగా తెరిచి గ్లాసు వాసన చూడాలి. నోరు మూస్తే ఆ ఘాటుకు ముక్కు మొద్దుబారుతుంది. తర్వాత ఒక గుక్క, తర్వాత మూడు చుక్కల నీళ్ళు, మళ్ళీ ఒక గుక్క. నీళ్ళు పడగానే దాక్కున్న వాసనలు బయటికి వస్తాయి. మింగాక అది గొంతులో ఎంతసేపు నిలబడుతుందో చూడాలి. ఇవేవీ నేను ఎక్కడా నేర్చుకోలేదు. నెయ్యి దగ్గర చేసిందే చేశాను, నెయ్యి మండదు, ఇది మండుతుంది, అంతే తేడా.

మార్కులు వేసే పద్ధతి కూడా నాదే. పూర్వం పశువుల సంతలో కండువా కింద వేళ్ళు పట్టుకుని బేరం ఆడేవాళ్ళు, పక్కవాడికి రేటు తెలియకుండా. అలాగే ఆసామి ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. రుచి చూసినవాడు తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఆయన వేళ్ళు పట్టుకోవాలి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే పదికి అన్ని మార్కులు. ఒకరి మార్కులు ఇంకొకరికి తెలియవు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఇంకొకరు మాస్టారు. రేపల్లెలో మిషన్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ఆసామికి చిన్నప్పుడు పాఠం చెప్పినవాడే. భార్య పోయింది. ఒక్కడే ఉంటాడు. లూథరన్ చర్చిలో సంఘ పెద్ద, ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. రేపల్లెలో గ్లాసు పట్టుకుంటే చూసే కళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి, ఉదయం ఆరాధనకు వెళ్ళి, అది అవగానే రైలెక్కి తెనాలి వచ్చేవాడు. ఒక్కోసారి పన్నెండు దాటేది. జేబులో లవంగాలు ఉండేవి.

మాస్టారికి రెండు విద్యలు ఉండేవి. ఒకటి, గుక్క తీసుకుని కాసేపు నాలుక మీద నిలిపి ప్రూఫ్ ఎంతో చెప్పేవాడు. "నూట ఇరవై నాలుగు" అంటే లేబుల్ మీద నూట ఇరవై నాలుగున్నర ఉండేది. రెండోది మాట. నేను "మాడు కంపు" అంటే, ఆయన కళ్ళు మూసుకుని, "పంచదార పాకం అంచు దగ్గర ఎర్రబడి, ఇంకా చేదు కాకముందు ఒక్క క్షణం ఉంటుందే, అది" అనేవాడు. నేను "తడిసిన చెక్క" అంటే, "వానాకాలం బడి తెరిచిన మొదటి రోజు బెంచీలు" అనేవాడు. ఆసామి ఆ మాటలన్నీ ఫోన్‌లో రాసుకునేవాడు. నా మాటలు ఒక్కటీ రాసుకోలేదు. నాకు అది నచ్చలేదని చెప్పనక్కర్లేదు. వాసన పట్టేది నేను, పేరు ఆయనకు.

ఒకసారి మినుముల బేరానికి పెనుమూడి వెళ్ళి తిరిగివస్తూ రేపల్లెలో మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చోబెట్టి క్రితం ఆదివారం తాగిన సీసా గురించి చెబుతున్నాడు, వెనిలా అట, ఎండు ద్రాక్ష అట. వంటింట్లోంచి పాలు మాడిపోతున్న వాసన వస్తోంది. మామూలుగా కాదు, గిన్నె అడుగు ఎర్రబడి ఇల్లంతా కమిలిన వాసన. ఎదురింటావిడ గోడ మీదుగా, "మాస్టారండీ, మీ పొయ్యి మీద ఏదో మాడుతోందండి" అని అరిచేదాకా ఆయన ఎండు ద్రాక్ష దగ్గరే ఉన్నాడు. పరుగెత్తుకెళ్ళి ఆపి వచ్చి, "వయసు, మర్చిపోయాను" అన్నాడు.

మర్చిపోవడం వేరు, తెలియకపోవడం వేరు. మంచి సరుకు తక్కువకు దొరికినప్పుడు ఎలా దాచుకుంటానో దాన్నీ అలాగే దాచుకున్నాను.

తర్వాత రెండు నెలలకు ఆసామి రిసార్టులో ఒక గది కట్టించాడు. సముద్రం వైపు పెద్ద అద్దాలు, మధ్యలో టేకు కుర్చీ. శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వచ్చే గెస్టులకు మూడు గ్లాసులు పోయించి, ఏది ఏమిటో, ఎలా తాగాలో చెప్పడానికి ఒక పెద్దమనిషి కావాలట. కుర్చీ ఒకటే.

మాస్టారు ఆ మాట విన్నప్పటి నుంచి కూర్చోలేకపోయాడు. "మళ్ళీ ఒక గది నిండా మనుషులు నేను చెప్పేది వింటారు తమ్ముడూ" అన్నాడు నాతో. రిటైరయ్యాక ఆయన మాట విన్నది ఆ ఎదురింటావిడ ఒక్కతే అనుకుంటాను, అది కూడా పొయ్యి గురించి. సంఘ పెద్దగా ఉంటూ మందు గదిలో కూర్చోవడం బాగుండదని ఎవరూ అడగకముందే కమిటీ నుంచి తప్పుకున్నాడు. చర్చిలో ముందు వరసలో తన చోటు వదిలేసి చివరి బెంచీకి వెళ్ళాడు. అంతా ఆ కుర్చీ కోసం.

నాకు ఆ కుర్చీతో అవసరం లేదు. నాకు కొట్టుంది, ఆవిడ ఉంది, బీపీ ఉంది. కాకపోతే ఎదుటివాడు అంతగా కోరుకుంటున్నాడంటే ఆ సరుకులో ఏదో ఉందని మావాళ్ళకు అనిపిస్తుంది. చేతిలో ఉన్న బేరం వదిలేసి పక్కవాడి బేరంలో దూరడం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే.

తర్వాతి ఆదివారం నేను మూడు గ్లాసులు పోసి సాసర్లతో మూశాను. రెండిట్లో మంచి బర్బన్. మూడోదాన్లో అదే బర్బన్, నూట ఇరవై ఆరు ప్రూఫ్, అందులో ముద్ద ఇంగువ నానబెట్టిన నీళ్ళు రెండు చుక్కలు. ఇంగువకు రుచి తక్కువ, వాసన ఊరంత. ముక్కు ఉన్నవాడు గ్లాసు దగ్గరకు కూడా రాడు. ముక్కు లేనివాడికి ఆ మంటలో ఏమీ తెలియదు. మాస్టారు బోల్తా పడితే ఆసామి కళ్ళారా చూస్తాడు, నేను నోరు విప్పక్కర్లేదు.

ఎప్పటిలాగే మొదట నేను రుచి చూశాను. రెండు గ్లాసులనూ చెడామడా తిట్టాను. మూడోది నోటి దగ్గర పెట్టుకుని, తాగినట్టు నటించి, ఊరించడానికి గట్టిగా లొట్టవేశాను. "అబ్బో, ఇది మాత్రం అమృతమండి. ఇలాంటిది జన్మలో తాగలేదు."

మాస్టారు మూడో గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. నావైపు చూశాడు. అరచేతిలో రెండు చుక్కలు రుద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు ఉంచుకున్నాడు. గుక్క తీసుకోకుండానే గ్లాసు కింద పెట్టేశాడు. "దీన్ని ఎవరో పాడుచేశారు. నేను తాగను" అన్నాడు. తువ్వాలు కింద ఒక్క వేలు కూడా పట్టుకోలేదు.

ఆసామి గ్లాసు తీసుకుని వాసన చూసి, "ఇంగువ" అన్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "బాబాయ్, పరీక్ష పెట్టారా మా మాస్టారికి? చూశారా ఆ ముక్కు? గుక్క కూడా వేయలేదండి ఆయన."

నేనూ నవ్వాను. నవ్వడం తప్ప చేయడానికి ఏమీ లేదు. కుర్చీ మాస్టారిదే అని ఆసామి అక్కడికక్కడే తేల్చేశాడు. శనివారం బాపట్లలో గెస్టుల ముందు కూర్చోవాలన్నాడు.

సాయంత్రం నాలుగింటి రైలుకు మాస్టారిని స్టేషన్‌లో దింపడానికి వెళ్ళాను. నాకు నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. పాలు మాడితే తెలియని మనిషికి ఇంగువ ఎలా తెలిసింది? అదే అడిగాను. పాల సంగతి కూడా చెప్పాను.

ఆయన ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని ఒక లవంగం నోట్లో వేసుకున్నాడు. "ఈ లవంగం కూడా నాకు మంటే తమ్ముడూ, వాసన కాదు. ఆ మాస్కుల రోజుల్లో జ్వరం వచ్చింది కదా, అప్పుడు పోయింది. రెండేళ్ళు దాటింది. కాఫీ వేడినీళ్ళు. మల్లెపూలు గడ్డి. మా ఆవిడ చీరలు బీరువాలో ఉన్నాయి, తీసి మొహానికి ఆనించుకుంటే గుడ్డ. ఒక్క ఈ ఘాటు సరుకే ఇంకా నోట్లో తెలుస్తుంది, మండుతుంది కాబట్టి. ఎంత మండుతుందో చెప్పగలను. మిగతాది చెప్పలేను."

"మరి బెంచీలు, పాకం, ఎండు ద్రాక్షలు?"

"అవన్నీ నువ్వు చెప్పినవే. నువ్వు మాడు కంపు అంటే నేను పాకం అన్నాను. పాత తోలు చెప్పు అంటే పుస్తకం అట్ట అన్నాను. నాకు ఆ వాసనలన్నీ గుర్తున్నాయి కదా." ఆయన నవ్వాడు. "నువ్వు తిట్టిన ప్రతి సీసా మంచిదే తమ్ముడూ. మొదటి నెలలోనే చూశాను. నీకు నచ్చినకొద్దీ తిడతావు. నచ్చనిదాన్ని మర్యాదగా పక్కన పెడతావు. ఇవాళ నువ్వు అమృతం అన్నావు. ఈ రెండేళ్ళలో నువ్వు ఆ మాట అనడం అదే మొదటిసారి. అప్పుడే భయం వేసింది, దీన్లో విషం ఉందేమోనని."

తువ్వాళ్ళు, వేళ్ళు, గుట్టు. మొహం మూసిన షట్టరులా ఉంటుందనుకుని ఇన్నాళ్ళూ బేరాలాడాను. ఎంతమంది రైతులు నా తిట్లు విని లోపల నవ్వుకుని రేటు పెంచారో.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు మాస్టారు. "శనివారం నువ్వు కూడా రా. నా పక్కన కూర్చో. ముందు నువ్వు తాగు, ఎప్పుడూ తిట్టినట్టే తిట్టు. శనివారం నేను, ఆదివారం నువ్వు. కుర్చీ చెరి సగం. నీ ముక్కు, నా మాట. నాకు నీ మీద నమ్మకం ఉంది తమ్ముడూ."

రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. చెరి సగం అనే మాట నాకు నచ్చలేదు. మాకు వాటాలంటే అన్నదమ్ములతోనే సరిపోయింది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడతో, "నాకు ఏదైనా నచ్చితే తిడతానా?" అని అడిగాను.

"ఇప్పుడు తెలిసిందా మీకు?" అంది ఆవిడ కూరలు తరుగుతూ. "మైసూర్‌పాకు ఇటుక అన్నప్పుడే మా నాన్నకు తెలిసింది. లోపలికి వచ్చి, కుర్రాడు పడ్డాడు, ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వొద్దు అన్నాడు."

మర్నాడు ఆసామికి ఫోన్ చేశాను. "బాబుగారూ, నిన్న మాస్టారు ఇంగువ పట్టేశారు కదా, శనివారం గెస్టుల ముందు కూడా అలాగే ఒక గ్లాసులో వేద్దామండి. ముందే గెస్టులందరికీ చెప్పండి, ఏ గ్లాసో. మాస్టారికి మాత్రం చెప్పకండి. ఆయన పట్టుకోగానే అందరూ చప్పట్లు కొడతారు. ఆయన పేరు హైదరాబాద్ దాకా వెళ్తుంది."

"మీ మనసు పెద్దది బాబాయ్" అన్నాడు ఆసామి.

శనివారం నేనూ మాస్టారూ బాపట్లలో వేరు వేరు రైళ్ళు దిగి రిసార్టులో కలిశాం. ఆయన కొత్త తెల్లచొక్కా వేసుకుని, దాని మీద పాత కోటు వేసుకున్నాడు. కోటు జేబులో మడతపెట్టిన కాగితం ఉంది, గెస్టులకు మొదట చెప్పాల్సిన నాలుగు మాటలు రాసుకున్నాడట. టేకు కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ దాని చేతుల మీద పెట్టుకున్నాడు. గదిలో పదిహేనుమంది దాకా ఉన్నారు. వాళ్ళందరికీ మూడో గ్లాసు సంగతి తెలుసు. ఒకావిడ ముందే ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

మాస్టారు బర్బన్ గురించి చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే నాకు కూడా అర్థమైంది. పీపా ఏళ్ళ తరబడి వేసవికి ఉబ్బి చలికాలానికి ముడుచుకుంటూ ఉంటుందని, సరుకు చెక్కలోకి వెళ్ళి మళ్ళీ బయటికి వస్తుందని, అది ఊపిరి పీల్చడం లాంటిదని. మొదటి గ్లాసు నేను తాగి తిట్టాను, ఆయన మెచ్చుకున్నాడు. "నూట ఇరవై రెండు" అన్నాడు. లేబుల్ చూపించారు. చప్పట్లు. రెండో గ్లాసు తాగి, "పరవాలేదండి" అన్నాను. ఆయన కూడా అంతే మర్యాదగా దాన్ని పక్కన పెట్టాడు.

మూడో గ్లాసు సాసరు తీయగానే ఇంగువ ముందు వరసకు తగిలింది. ఈసారి రెండు చుక్కలు కాదు, ఆరు చుక్కలు వేశాను. సాంబారు కాగుతున్నట్టుంది. నేను గ్లాసు పెదవులకు ఆనించి, దించి, మొహం చిట్లించాను. మా నాన్నను తలుచుకున్నాను.

"ఏంటండీ ఇది," అన్నాను. "మాడిన పాకం. తడిసిన చెక్క. పాత తోలు చెప్పు కంపు. గొంతు కోసేస్తోంది. ఎవరు తాగుతారండీ దీన్ని?"

నా జన్మలో దేన్నీ అంత బాగా తిట్టలేదు.

మాస్టారి మొహం విప్పారింది. నావైపు చూసిన చూపులో కృతజ్ఞత ఉంది, ఇప్పటికీ చెప్పగలను. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్దాడు. చేతులు దోసిలి చేసి మొహం అందులో దాచుకున్నాడు. లోపలికి గాలి పీల్చాడు. గదిలో ఒకరిద్దరు ముక్కులు మూసుకున్నారు. ఆయన గ్లాసు ఎత్తి సగం తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నూట ఇరవై ఆరు," అన్నాడు. "ఇవాళ్టి మూడింట్లో ఇదే పెద్దది. మీరు తొందరపడకండి. మొదట పాకం వస్తుంది, ఎర్రబడిన పాకం. దాని వెనక బడి తెరిచిన రోజు బెంచీలు, వాన పడి తడిసినవి. ఇంకా వెనక్కి వెళ్ళండి. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ తీయని పుస్తకం ఒకటి ఉంది, దాని అట్ట. మా ఇంట్లో అలాంటి పుస్తకం ఉండేది..."

మొదట నవ్వింది ఫోన్ పట్టుకున్నావిడ. తర్వాత వెనక వరస. తర్వాత అందరూ. మాస్టారు తన మాటకే నవ్వుతున్నారనుకుని ఇంకొంచెం ఉత్సాహంగా, "వాసన చూడండి, మీకే తెలుస్తుంది" అని గ్లాసు వాళ్ళ వైపు చాచాడు.

ఆసామి లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మాస్టారూ, అది ఇంగువండి. మొన్న పట్టుకున్నారు కదా. ఇవాళ జలుబు చేసిందా?"

అక్కడ ఆగితే ఆగిపోయేది. జలుబు అనే మాట ఆయన చేతికి అందింది. తీసుకోబోయాడు కూడా. పెదవులు కదిలాయి.

"జలుబు కాదు బాబుగారూ," అన్నాను నేను. "ఆయనకు వాసన పోయి రెండేళ్ళు దాటింది. నాకు మొన్నే తెలిసింది. గెస్టుల దగ్గర డబ్బు తీసుకుంటున్నాం కదండి, సరుకు ఏదో చెప్పి అమ్మాలి."

నవ్వు ఆగిపోయింది. ఫోన్ కిందికి దిగింది. మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టాడు. తన రెండు అరచేతులూ మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఎవరి కోసమూ కాకుండా, మెల్లగా వాసన చూశాడు. ఏమీ రాలేదని ఆయన మొహంలో తెలిసింది. కుర్చీలోంచి లేచాడు. కాగితం బయటికి తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"తమ్ముడూ, రైలుకు టైమైంది" అన్నాడు. నేను దింపుతానని అనలేదు.

కుర్చీ నాకు వచ్చింది. ముక్కుకు లోటు లేదు. కానీ కూర్చున్న మొదటి రోజే తెలిసింది, నా దగ్గర తిట్లు తప్ప మాటలు లేవని. మంచి సీసా తెరిచి రెండు చుక్కలు రుద్దుకోగానే నాకు అన్నీ తెలుస్తాయి, నోరు తెరిస్తే మాడు కంపు అని వస్తుంది. గెస్టులు వెనక్కి జరుగుతారు. అందుకని మాస్టారి మాటలే అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆసామి ఫోన్‌లో అన్నీ ఉన్నాయి. పాకం అంచు, బడి బెంచీలు, పుస్తకం అట్ట. అందరికీ నచ్చుతాయి. ఏ సీసాకు ఏ మాటో నేను చూసుకుంటాను.

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం మాస్టారు వచ్చాడు. రేపల్లె బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగింది. కౌంటర్ దగ్గర అందరిలాగే డబ్బు కట్టి చీటీ తీసుకున్నాడు. పెద్దవాళ్ళకు తగ్గింపు ఉంది, అడగలేదు. రెండో వరసలో కూర్చున్నాడు. చర్చిలో మళ్ళీ ముందు వరసకు రానివ్వలేదని తర్వాత ఎవరో చెప్పారు. రానిచ్చినా వెళ్ళలేదని ఇంకెవరో చెప్పారు.

నేను మొదటి గ్లాసు గురించి చెప్పాను. వానాకాలం బడి తెరిచిన మొదటి రోజు బెంచీలు అన్నాను. ఆయన వింటున్నాడు. ఎక్కడా తల ఎత్తలేదు.

రెండో గ్లాసు కొత్త సీసాది. ఆ రోజే తెరిచాను. నేను తాగినవాటిలో అంత మంచిది లేదు. దాని గురించి చెప్పబోతుంటే మాస్టారు చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలా.

"ఒక్క మాటండి," అన్నాడు. రెండేళ్ళు తమ్ముడూ అన్న మనిషి అండి అన్నాడు. "ఇది మీకు ఎలా ఉందో మీ మాటల్లో చెప్పండి. రాసుకున్నవి వద్దు."

అందరూ నావైపు తిరిగారు. పరవాలేదండి అని తప్పించుకుందామనుకున్నాను. రెండు చుక్కలు అరచేతిలో రుద్దుకున్నాను, వాసన నిండా వచ్చింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏంటండీ ఇది," అన్నాను. "మాడు కంపు. ఎండిపోయిన చెక్క. గొంతులోంచి పోవడం లేదు, పొద్దుటి దాకా ఉండేలా ఉంది."

మాస్టారు తల ఊపాడు. గ్లాసు తీసుకుని కళ్ళు మూసుకుని, చుక్క మిగలకుండా తాగాడు. ఆ మంట గొంతులోంచి దిగేదాకా ఆగాడు.

"నూట ముప్ఫై ఒకటి," అన్నాడు. "చాలా బాగుందండి."

సీసా తిప్పి చూశాను. నూట ముప్ఫై ఒకటే. నేను తల ఎత్తేసరికి ఆయన మూడో గ్లాసు ముట్టకుండా లేచి, చెప్పులు వేసుకుంటున్నాడు. అద్దాల్లోంచి చూస్తే రోడ్డు వైపు నడుస్తున్నాడు, బస్సు కోసం.

ముందు వరసలో ఒకావిడ తన గ్లాసును వేలితో దూరంగా జరిపింది. పక్కాయన కూడా జరిపాడు.

"తాగండమ్మా, చాలా మంచి సరుకు" అన్నాను.

"మీరే బాగాలేదన్నారు కదండీ" అంది ఆవిడ.